కారు రేడియో ప్రోగ్రామింగ్ తీసుకోవడం లేదు, బోర్డు పోయిందంటున్నారు (యాయెసు ఎఫ్‌టీ-7800)

#1 కోనసీమ_కెరటం
మా బావగారు అమెరికా నుంచి తిరిగి వచ్చేసినప్పుడు తన ఎఫ్‌టీ-7800 హామ్ రేడియో సెట్టు నాకు ఇచ్చారు. కారులో బిగించాను. సింప్లెక్సులో, అంటే సెట్టు నుంచి సెట్టుకు నేరుగా, చక్కగా పనిచేస్తోంది, చుట్టుపక్కల మిత్రులతో మాట్లాడుతున్నాను. చిక్కంతా ప్రోగ్రామింగ్ దగ్గరే. ఆన్‌లైనులో ఒక యూఎస్‌బీ కేబుల్ కొని రేడియోలోకి ఛానెళ్లు ఎక్కించే చిర్ప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. చదవమంటే రేడియో స్పందించడం లేదని ఎర్ర అక్షరాలు వస్తున్నాయి. పైగా చేత్తో నొక్కి పెట్టుకున్న రిపీటర్ (ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్నదాన్ని మరో ఫ్రీక్వెన్సీ మీద దూరానికి తిరిగి పంపే స్టేషన్) ఛానెల్ వినిపిస్తుంది గానీ, నేను మాట్లాడే మీట, అంటే పీటీటీ, నొక్కితే రిపీటర్ తెరుచుకోదు.

మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే కాసేపు అటూ ఇటూ తిప్పి, మెమరీ చిప్ పోయింది, బోర్డు మార్చాలి అన్నారు. వాళ్లు చెప్పిన ధరకు సెకండ్ హ్యాండ్ సెట్టే వస్తుంది. నిక్షేపంలా మాట్లాడుతున్న రేడియోకు బోర్డు పోవడం ఏమిటి? ఎవరైనా దారి చూపండి.

#2 సోల్డర్_సుబ్బారావు
ముందు ఆ దుకాణం నుంచి రేడియో వెనక్కి తెచ్చుకోండి. కంప్యూటరులో డివైస్ మేనేజర్ తెరిచి, కేబుల్ పెట్టినప్పుడు ఏ పేరు కనిపిస్తుందో ఇక్కడ రాయండి. పక్కన పసుపు త్రికోణం ఉందా?

#3 వీహెచ్‌ఎఫ్_వెంకట్
అది సరే, ఏ పని మొదలుపెట్టేముందైనా యాంటెన్నా స్థానంలో, సిగ్నల్‌ను బయటకు పోనివ్వకుండా తనలోనే వేడిగా మార్చే డమ్మీ లోడ్ పెట్టండి. తప్పు ఛానెల్ మీద పొరపాటున పీటీటీ తగిలితే ఎవరి ఫ్రీక్వెన్సీ మీద పడతామో తెలియదు. లైసెన్సు ఉందనే అనుకుంటున్నాను.

#4 కోనసీమ_కెరటం
లైసెన్సు ఉంది, జనరల్ గ్రేడ్. రేడియో ఇంటికి వచ్చేసింది. సుబ్బారావు గారూ, పసుపు త్రికోణం ఉంది. పేరు ఉండాల్సిన చోట, పీఎల్2303హెచ్‌ఎక్స్‌ఏ 2012 నుంచి నిలిపివేశాం, అమ్మినవారిని సంప్రదించండి అని ఒక వాక్యం ఉంది. కంప్యూటర్ విండోస్ 11.

#5 సోల్డర్_సుబ్బారావు
అయితే మీ మొదటి జబ్బు దొరికినట్టే. కేబుల్ లోపల ఉన్నది, యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చే పాత పీఎల్2303 చిప్, లేదా దాని నకలు. నకళ్లు విపరీతంగా రావడంతో కొత్త డ్రైవర్ ఆ పాత రకాన్నే పనిచేయనివ్వడం మానేసింది. అసలు సంస్థ చేసిన పాత చిప్‌కూ అదే గతి. పాత డ్రైవర్ మాత్రం రెంటినీ ఒప్పుకుంటుంది. డివైస్ మేనేజరులోనే డ్రైవర్ మార్చే చోట, కంప్యూటరులో ఉన్నవాటి జాబితా నుంచి నేనే ఎంచుకుంటాను అన్న దారిలో వెళ్లి 3.2 లేదా 3.3 వరుస పాతదాన్ని ఎంచుకోండి.

ఇప్పటిదాకా మీ రేడియోకు ఒక్క అక్షరం కూడా చేరలేదు. చేరనిదానికి బోర్డు ఎలా పోతుంది?

#6 డెసిబెల్_దుర్గ
పాత డ్రైవర్లతో అవస్థ ఎందుకు? ఎఫ్‌టీడీఐ సంస్థ చిప్ ఉన్న మంచి కేబుల్ కొనుక్కుంటే పదేళ్లు నిశ్చింత. విండోస్ తనంతట తాను అప్‌డేట్ అయిన ప్రతిసారీ కొత్త డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది, మళ్లీ ఇదే పని.

#7 సోల్డర్_సుబ్బారావు
దుర్గ గారూ, ఎఫ్‌టీడీఐ పేరుతో అమ్మేవన్నీ ఎఫ్‌టీడీఐ కావు. 2014లో వాళ్ల డ్రైవర్ ఒకటి నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసి ఎంత గొడవ అయిందో గుర్తుందా? తెలియక కొన్నవాళ్ల పరికరాలు రాత్రికి రాత్రి మూగబోయాయి. కొత్తది కొనడం మంచి సలహానే, ఉన్నదానితో పని అవుతుందేమో చూశాక కొనవచ్చు.

#8 డెసిబెల్_దుర్గ
గుర్తుంది. అందుకే చౌకగా కాదు, మంచిది కొనమన్నాను. మీరు మూడు గంటలు డ్రైవర్లతో కుస్తీ పడతారు, నేను ఆ మూడు గంటలు రేడియోలో మాట్లాడుతూ ఉంటాను. ఇందులో మనకు రాజీ కుదరదు లెండి.

#9 పెంగ్విన్_ప్రసాద్
లినక్స్ పెట్టుకుంటే ఈ గోలే ఉండదు. ఆ నకలు చిప్‌లను అది మారుమాట లేకుండా తీసుకుంటుంది. రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, మీ యూజర్ పేరు డయలౌట్ గ్రూపులో ఉండాలి. లేకపోతే పోర్టు కనిపిస్తుంది గానీ తెరవడానికి అనుమతి రాదు. రెండోది ఉబుంటు 22.04 వచ్చాక మొదలైన తలనొప్పి. సీహెచ్340 అనే ఇంకో రకం చిప్ ఉన్న కేబుల్ పెట్టగానే పోర్టు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ దాన్ని లాక్కుంటుంది. దాన్ని తీసేయండి, అంతే.

#10 చెవులే_కళ్లు
ప్రసాద్ గారూ, అంతే అనకండి. అది బ్రెయిలీ పరికరాలను నడిపే ప్రోగ్రామ్. కొన్ని బ్రెయిలీ డిస్‌ప్లేలలో కూడా అవే యూఎస్‌బీ చిప్‌లు ఉంటాయి కాబట్టే మీ కేబుల్‌ను చూసి బ్రెయిలీ పరికరం అనుకుంటుంది. నాకు చూపు లేదు. హామ్ రేడియోలో నాలాంటి వాళ్లం చాలామందిమి ఉన్నాం. మీ సలహా చదివి ఎవరైనా మిత్రుడు నా కంప్యూటరులో దాన్ని తీసేస్తే, కంప్యూటర్ నా చేతికి ఏమీ చెప్పదు.

#11 పెంగ్విన్_ప్రసాద్
మంచి మాట చెప్పారు. అయితే ఇలా: బ్రెయిలీ వాడని కంప్యూటరులో తీసేయవచ్చు. వాడేచోట, పెట్టిన పరికరాలను గుర్తుపట్టే యూడెవ్ నియమాల ఫైలులో మీ కేబుల్ చిప్ గుర్తింపు సంఖ్య ఉన్న ఒక్క పంక్తిని ఆపితే చాలు, మిగతాది అలాగే ఉంటుంది. మీ బ్రెయిలీ పరికరంలోనూ అదే చిప్ ఉంటే మాత్రం వేరే రకం కేబుల్ వాడటమే మేలు. మీరు రేడియోలో ఛానెళ్లు ఎలా పెట్టుకుంటారో చెప్పరా? ఎఫ్‌టీ-7800 తెర చదవలేరు కదా.

#12 చెవులే_కళ్లు
రేడియో తెరతో నాకు పని లేదు. చిర్ప్ పాత రూపంలో స్క్రీన్ రీడర్ తడబడేది. కొత్త రూపం వచ్చాక గడి గడినీ చదివి వినిపిస్తోంది. మొత్తం జాబితా కంప్యూటరులో చేసి ఒకేసారి పంపిస్తాను. ఆ తరువాత ఎన్ని క్లిక్కులు తిప్పితే ఏ ఛానెలో వేళ్లకు గుర్తే. అందుకే కేబుల్ పనిచేయకపోతే అందరికీ అసౌకర్యం, నాకు రేడియోనే లేనట్టు.

#13 కోనసీమ_కెరటం
పాత డ్రైవర్ పెట్టాను. పసుపు త్రికోణం పోయింది. పోర్టు పేరు కామ్5 అని వచ్చింది, చిర్ప్‌లో కూడా కామ్5 ఎంచుకున్నాను. అయినా చదవడం లేదు. కాసేపు గీత కదలకుండా నిలబడి, స్పందన లేదు అంటోంది. దుకాణం వాళ్లు చెప్పిందే నిజమా?

#14 పాత_కీయర్
కాదు. ఇక్కడే సగం మంది ఆగిపోతారు. ఈ సెట్టులో ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నది ముఖ్యం.

రేడియో ఆపి, వెనక ఉన్న డేటా జాక్‌లో కేబుల్ పెట్టండి. మైకు జాక్ కాదు, గుండ్రటి ఆరు పిన్నులది. మెగాహెర్ట్జ్ మీట పట్టుకుని ఆన్ చేయండి. డయల్ తిప్పితే క్లోన్ అన్న పంక్తి వస్తుంది. అక్కడ బ్యాండ్ మీటను కాస్త పట్టి ఉంచితే తెర మీద క్లోన్ అని నిలుస్తుంది. ఇక్కడి నుంచి జాగ్రత్త.

రేడియోలో ఉన్నది కంప్యూటరులోకి తెచ్చుకోవాలంటే, ముందు చిర్ప్‌లో సరే నొక్కాలి. అది వినడానికి సిద్ధమయ్యాక రేడియో మీద వీ/ఎమ్ మీట నొక్కాలి. ముందే రేడియో మీద నొక్కితే అది చెప్పేదంతా చెప్పేసి ఊరుకుంటుంది, వినేవాడు ఉండడు.

కంప్యూటర్ నుంచి రేడియోలోకి పంపాలంటే దీనికి తలకిందులు. ముందు రేడియో మీద లో మీట నొక్కాలి, తెర మీద ఆర్‌ఎక్స్ అని రావాలి, ఆ తరువాతే చిర్ప్‌లో సరే.

#15 వీహెచ్‌ఎఫ్_వెంకట్
చిర్ప్ ఇవన్నీ తెర మీద రాసి చూపిస్తుంది. ఎవరూ చదవరు. మా క్లబ్బులో నేను చెప్పే మొదటి పాఠం ఇదే: ఆ పెట్టెలో ఉన్నది పైకి చదువు, తరువాత మీట నొక్కు.

#16 కోనసీమ_కెరటం
చదివింది!! నీలం గీత చివరిదాకా పరుగెత్తింది. మా బావగారు పెట్టుకున్న ఛానెళ్లన్నీ కనిపిస్తున్నాయి, డాలస్ చుట్టుపక్కల రిపీటర్ల పేర్లతో సహా. పాత_కీయర్ మాస్టారూ, మీకు పాదాభివందనం.

#17 పాత_కీయర్
సంతోషం. ఇప్పుడు ఏదీ ముట్టుకోకుండా ఆ ఫైలును అలాగే దాచండి. పేరులో తేదీ పెట్టండి, ఇంకో చోట కూడా ఒక నకలు ఉంచండి. అది మీ రేడియో నుంచి వచ్చిన మొదటి రూపం. రేపు ఏది చెడినా అదే మీ ప్రాణం. మార్పులన్నీ దాని నకలు మీద చేయండి.

#18 డాలస్_డైపోల్
డాలస్ అన్న మాట చూసి ఆగాను. ఆ పేర్లు తుడిచేసేముందు మీ బావగారికి ఒకసారి చూపించండి, ఆయన ఏ దారిలో కారు నడిపేవారో చెప్పగలను.

దానికంటే ముఖ్యమైనది: అమెరికా వెర్షన్ సెట్టు కదా, అందులో ఆటోమేటిక్ రిపీటర్ షిఫ్ట్, అంటే రిపీటర్ కోసం పంపే ఫ్రీక్వెన్సీని తనంతట తానే జరిపే ఏర్పాటు, ఇక్కడి అమెరికా పట్టిక ప్రకారం ఉంటుంది. మీ రిపీటర్ తెరుచుకోకపోవడానికి అదీ కారణం కావచ్చు. ముందు రాయడం సంగతి చూడండి.

#19 ఇమేజి_ఇస్మాయిల్
పాత_కీయర్ గారి మాటకు నాదొక అనుభవం కలుపుతాను. మా ఊళ్లో ఒక మిత్రుడు తన సెట్టు ఇమేజ్ ఫైలు అందరికీ పంచిపెట్టాడు. ఒకరిది చూడటానికి అదే సెట్టు, కానీ వేరే దేశపు వెర్షన్. నేరుగా రాసేసరికి ఉన్న సెట్టింగులు అన్నీ మారిపోయాయి, తన పాత కాపీ లేదు. ఇమేజ్ అంటే ఛానెళ్ల జాబితా ఒక్కటే కాదు, ఆ సెట్టు లోపలి సంగతులన్నీ అందులో ఉంటాయి. పక్కవాడి ఛానెళ్లు కావాలంటే రెండు ఫైళ్లూ రెండు ట్యాబులలో తెరిచి వరుసలు మాత్రం కాపీ చేసుకోవాలి. లేదా ఛానెళ్ల పట్టిక మాత్రమే ఉండే సీఎస్‌వీ ఫైలు ఇచ్చిపుచ్చుకోవాలి.

#20 కోనసీమ_కెరటం
దాచాను, పెన్‌డ్రైవులో కూడా పెట్టాను. మన వైపు ఛానెళ్లు చేర్చి రాయబోతే సగం దాకా వెళ్లి ఆగింది. రేడియో తెర మీద ఎర్రర్ అని వచ్చింది. మళ్లీ చేస్తే ఈసారి ఇంకా ముందే ఆగింది. చదవడం మాత్రం ఇప్పటికీ బాగానే ఉంది.

#21 టాక్సీ_సెట్టు
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. నాది పాత మోటరోలా జీఎం300, ఒక టాక్సీ సంస్థ వదిలించుకున్నది. దాని సాఫ్ట్‌వేర్ కొత్త ల్యాప్‌టాపులో నడుస్తున్నట్టే ఉంటుంది, రేడియోతో మాత్రం మాట్లాడదు. ఇదే జబ్బా?

#22 సోల్డర్_సుబ్బారావు
కాదు, అది వేరే కాలపు జబ్బు. ఆ సాఫ్ట్‌వేర్ డాస్ నాటిది. రేడియోతో మాట్లాడేటప్పుడు మధ్యలో ఆగే సమయాన్ని ప్రాసెసర్ వేగంతో లెక్కించుకుంటుంది. నేటి యంత్రంలో ఆ ఆగడం రెప్పపాటులో అయిపోతుంది, రేడియో జవాబు చెప్పేలోగా ఇది విసుగెత్తి వెళ్లిపోతుంది. అటక మీద ఉన్న 486 కాలపు కంప్యూటర్ దించి, విండోస్‌లోని నల్ల కిటికీలో కాకుండా నేరుగా డాస్‌తోనే మొదలుపెట్టండి. నిజమైన సీరియల్ పోర్టు కావాలి. మధ్యలో వోల్టేజిని మార్చే రిబ్ అనే పెట్టె కూడా ఉండాలి. సీరియల్ పోర్టు ప్లస్ మైనస్ వోల్టులలో మాట్లాడుతుంది, రేడియోది 5 వోల్టుల భాష. పెట్టె లేకుండా నేరుగా కలిపితే అప్పుడు బోర్డు నిజంగానే పోతుంది.

ఇంకొకటి. మీది 146 నుంచి 174 మోడల్ అయితే మన 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండుకు ఆసిలేటర్ (ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) లాక్ కాకపోవచ్చు. ప్రోగ్రామ్ సరిగ్గా ఎక్కినా కూత పెడుతూ ఉంటే అది ప్రోగ్రామింగ్ తప్పు కాదు, ట్యూనింగ్ పని.

#23 టాక్సీ_సెట్టు
అటక మీద పెంటియం ఒకటి ఉంది. మా ఆవిడ ఎప్పటి నుంచో పాత సామాన్ల వాడికి ఇచ్చేయమంటోంది. ఈ పోస్టు చూపించి కాపాడుకుంటాను.

#24 డెసిబెల్_దుర్గ
#20కి: సగంలో ఆగుతోందంటే ఇప్పటికైనా కొత్త కేబుల్ కొనండి. నేను మొదట్లోనే చెప్పాను.

#25 పాత_కీయర్
దుర్గ గారూ, కేబుల్ చదవడానికి పనికొచ్చి రాయడానికి పనికిరాకపోవడం ఉంటుంది, కాదనను. కానీ ప్రతిసారీ వేరే చోట ఆగుతోంది చూడండి. తీగ తెగి ఉంటే ఒకేలా ఆగాలి. ఇది కరెంటుదో, రొదదో అయి ఉండాలి. కెరటం గారూ, రేడియోకు కరెంటు ఎక్కడి నుంచి? ల్యాప్‌టాపుకు ఎక్కడి నుంచి? ఇంజను ఆగి ఉందా, నడుస్తోందా?

#26 కోనసీమ_కెరటం
అన్నీ కారులోనే. రేడియోకు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి. ల్యాప్‌టాప్ బ్యాటరీ బలహీనం, అందుకని కారు ఇన్వర్టరుకు ఛార్జర్ తగిలించాను. ఇంజను ఆపే ఉంచాను.

#27 పాత_కీయర్
ఆ ఇన్వర్టరును ముందు తీసేయండి. చౌక రకం ఇన్వర్టర్లు పుట్టించే రొద యూఎస్‌బీ తీగ పట్టుకుని నేరుగా రేడియో దాకా వెళుతుంది. ల్యాప్‌టాపును ఇంట్లో నిండుగా ఛార్జ్ చేసి తెచ్చుకోండి. ఇంకా మంచిది, సెట్టునే ఇంట్లోకి తెచ్చి 13.8 వోల్టుల సప్లై మీద పెట్టి రాయండి.

లైటర్ సాకెట్ సంగతి వేరుగా చెప్పాలి. వినేటప్పుడు ఈ సెట్టు తాగేది ఆంపియరులో సగం. పూర్తి 50 వాట్లతో మాట్లాడేటప్పుడు 8 ఆంపియర్లకు పైనే. ఆ సాకెట్ దానికి చేసినది కాదు. బ్యాటరీ నుంచి రెండు తీగలూ ఫ్యూజులతో నేరుగా తెచ్చుకోండి. ప్రోగ్రామింగ్ కోసమే కాదు, కారు కోసం కూడా.

#28 వీహెచ్‌ఎఫ్_వెంకట్
రాస్తుండగా ఎవరూ ఇంజను స్టార్ట్ చేయకుండా చూసుకోండి. స్టార్టర్ తిరిగే క్షణంలో వోల్టేజి కుంగుతుంది, రాత అక్కడితో తెగుతుంది. మా వాడు ఒకడు ఏసీ కోసం సరిగ్గా అప్పుడే తాళం తిప్పాడు.

#29 కీబోర్డు_కాశీ
కేబుల్ గురించే ఒక మాట. ఆ ఆరు పిన్నుల డేటా జాక్ పాత పీఎస్/2 కీబోర్డు ప్లగ్గుకు అచ్చం సరిపోతుంది. అది చూసి చాలామంది పాత కీబోర్డు తీగ కోసి సొంతంగా కేబుల్ చేసుకుంటారు. కీబోర్డుకు నాలుగు తీగలే అవసరం, 2, 6 పిన్నులు ఖాళీ. చాలా తీగలలో అవి ఉండనే ఉండవు. రేడియోలో 2వ పిన్ను గ్రౌండ్! గ్రౌండ్ లేని కేబుల్ ఒకసారి పనిచేసి ఇంకోసారి మొరాయిస్తూ ఉంటుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. మల్టీమీటరుతో ఆరు పిన్నులూ ఒక్కొక్కటిగా చూసుకోండి. ప్లగ్గు ముందు నుంచి చూస్తే ఒక వరుస, సోల్డర్ వైపు నుంచి చూస్తే అద్దంలో చూసినట్టు తిరగబడిన వరుస, అదీ గుర్తుంచుకోవాలి.

#30 కోనసీమ_కెరటం
కాశీ గారూ, నాది కొన్న కేబులే, అయినా మీటరుతో చూశాను. ఆరూ ఉన్నాయి.

ఇన్వర్టర్ తీసేసి, సెట్టు ఇంట్లో సప్లై మీద పెట్టి రాశాను. ఒక్కసారికే చివరిదాకా వెళ్లింది. మళ్లీ చదివి చూశాను, నేను పంపినవన్నీ అలాగే ఉన్నాయి. బోర్డు లేదు, మెమరీ చిప్ లేదు, ఇన్వర్టర్!

సంబరం సగమే. రిపీటర్ ఇప్పటికీ తెరుచుకోదు. పైగా కొత్త వింత: ఇప్పుడు ఆ ఛానెల్ వినిపించడం కూడా లేదు. ఎవరో మాట్లాడుతున్నట్టు సిగ్నల్ మీటర్ నిండుగా లేస్తుంది, స్పీకర్ మాత్రం నిశ్శబ్దం.

#31 టోన్_తాతారావు
మీటర్ లేస్తూ స్పీకర్ మూగగా ఉంటే నూటికి తొంభై పాళ్లు టోన్ స్క్వెల్చ్, అంటే గొంతుతో పాటు ఒక సన్నటి గుర్తు స్వరం (టోన్) వస్తేనే స్పీకర్ తెరిచే ఏర్పాటు. ఆ వరుసలో ఏమేం ఉందో గడి గడిగా రాయండి. ఫ్రీక్వెన్సీ వద్దు, మిగతావి చెప్పండి.

#32 కోనసీమ_కెరటం
టోన్ మోడ్: టీఎస్‌క్యూఎల్. టోన్: 88.5. టోన్ స్క్వెల్చ్: 88.5. డూప్లెక్స్: ఖాళీ. ఆఫ్‌సెట్: 0.600. మోడ్: ఎఫ్‌ఎమ్. మా రిపీటర్ టోన్ 123.0, అది ఎక్కడో పెట్టినట్టే గుర్తు.

#33 టోన్_తాతారావు
ఆ 88.5 మీరు పెట్టింది కాదు. చిర్ప్ ఖాళీ గడులలో తనంతట తాను వేసే సంఖ్య అది. రెండు గడులు వేరు వేరు: టోన్ అనేది మీరు పంపేది, టోన్ స్క్వెల్చ్ అనేది మీరు అవతలి నుంచి ఆశించేది. మోడ్ టీఎస్‌క్యూఎల్ అయితే రేడియో రెండో గడినే చూస్తుంది. అంటే ఇప్పుడు మీ సెట్టు 88.5 వినిపించనిదే తలుపు తెరవనని కూర్చుంది. రిపీటర్ ఆ టోన్ పంపడం లేదు. సిగ్నల్ వస్తోంది, మీటర్ లేస్తోంది, స్పీకర్ తెరుచుకోవడం లేదు.

మోడ్‌ను టోన్ అని మార్చి, మొదటి గడిలో 123.0 పెట్టండి. అప్పుడు పంపేటప్పుడు టోన్ వెళుతుంది, వినేటప్పుడు ఏ షరతూ ఉండదు. కొత్త ఛానెల్ పరీక్షించేటప్పుడు ఎప్పుడూ ఇలాగే మొదలుపెట్టాలి. అన్నీ కుదిరాక, వేరే రిపీటర్ రొద అడ్డం వస్తుంటే అప్పుడు టీఎస్‌క్యూఎల్ ఆలోచించవచ్చు.

#34 నారో_నాగమణి
మోడ్ ఎఫ్‌ఎమ్ ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు. ఎన్‌ఎఫ్‌ఎమ్ (ఇరుకు ఎఫ్‌ఎమ్) అని పడి ఉంటే మీ గొంతు అవతల బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మా క్లబ్బులో ఒకరికి మైకు పాడైందని అందరం మైకు మార్చమన్నాం, చివరకు ఆ ఒక్క గడి.

#35 ఇమేజి_ఇస్మాయిల్
ఆఫ్‌సెట్ 0.600 అని సరిగ్గా ఉంది. ఇతరుల కోసం రాస్తున్నాను: ఆ గడి మెగాహెర్ట్జ్‌లో. 600 కిలోహెర్ట్జ్ కదా అని 600 కొట్టేవాళ్లను చూశాను.

#36 డాలస్_డైపోల్
డూప్లెక్స్ ఖాళీ! నేను #18లో అన్నది ఇదే. ఆఫ్‌సెట్ ఎంతో రాశారు, ఏ వైపో చెప్పలేదు. డూప్లెక్స్ ఖాళీగా ఉంటే ఆ 0.600ను రేడియో పట్టించుకోదు, విన్నచోటే మాట్లాడుతుంది.

చేత్తో పెట్టినప్పుడు కూడా ఇదే జరిగి ఉంటుంది. ఇక్కడి వెర్షన్లలో ఆటోమేటిక్ షిఫ్ట్ 145.1 నుంచి 145.5 దాకా మైనస్ వేస్తుంది, తరువాత మళ్లీ 146 పైన. 145.6, 145.7 ప్రాంతంలో ఏ షిఫ్టూ వేయదు, ఎందుకంటే అమెరికాలో అక్కడ రిపీటర్లు ఉండవు. మీ రిపీటర్ అక్కడ ఉంటే ఈ సెట్టుకు అది రిపీటరని తెలిసే దారే లేదు.

#37 పాత_కీయర్
అదే అయి ఉండవచ్చు. కానీ నమ్మేసి ఊరుకోవద్దు, చూసి తేల్చుకోండి. మీ దగ్గర చేతి సెట్టు ఉందా? కారు సెట్టుకు డమ్మీ లోడ్ పెట్టి, పవర్ అన్నిటికంటే తక్కువలో ఉంచండి. చేతి సెట్టును రిపీటర్ వినే ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ మీద, అంటే 600 కిలోహెర్ట్జ్ కిందకు, టోన్ ఏదీ లేకుండా పెట్టి పక్క గదిలో ఉంచండి. పీటీటీ నొక్కి మీ కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చిన పిలుపు గుర్తు) చెప్పండి. అక్కడ వినిపించకపోతే రిపీటర్ మాట్లాడే అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీకి మార్చి మళ్లీ చూడండి. మీ గొంతు ఎక్కడ వినిపిస్తే మీ రేడియో అక్కడ మాట్లాడుతోంది. ఇందులో ఊహకు చోటు లేదు.

#38 టోన్_తాతారావు
మీ చేతి సెట్టులో టోన్ స్కాన్ ఉంటే, అక్కడే మీ కారు సెట్టు పంపే టోన్ ఎంతో కూడా చదువుకోవచ్చు. రెండూ ఒకేసారి తేలిపోతాయి.

#39 పెంగ్విన్_ప్రసాద్
ఈ దెబ్బతో కెరటం గారికి రెండు రేడియోలు, ఒక డమ్మీ లోడ్, ఒక పవర్ సప్లై, మల్టీమీటర్. ప్రయోగశాల తయారైంది.

#40 కోనసీమ_కెరటం
ప్రసాద్ గారూ, ఇంట్లో కూడా అదే మాట వినిపిస్తోంది, స్వరం వేరు.

పరీక్ష చేశాను. ఇన్‌పుట్ మీద మౌనం. అవుట్‌పుట్‌కు మార్చగానే పక్క గదిలోంచి నా గొంతే గణగణా వినిపించింది. టోన్ స్కాన్ 88.5 చూపించింది. డైపోల్ గారి మాట, తాతారావు గారి మాట రెండూ అక్షరాలా నిజం. మా రిపీటర్ అవుట్‌పుట్ 145.6 పైనే ఉంది.

డూప్లెక్స్ మైనస్, మోడ్ టోన్, 123.0. రాసి, మళ్లీ చదివి, సరిచూసి కారులో పెట్టాను. పీటీటీ వదలగానే రిపీటర్ టెయిల్, అంటే మనం ఆపాక కూడా రిపీటర్ కాసేపు పంపే సిగ్నల్, వినిపించింది! వెంటనే ఎవరో నా కాల్‌సైన్ పిలిచి సిగ్నల్ 59, అంటే స్పష్టంగా, బలంగా ఉంది అన్నారు. గోదావరి గట్టు మీద కారు ఆపి చాలాసేపు మాట్లాడాను.

#41 చెవులే_కళ్లు
విన్నాను. పిలిచింది నేనే.

#42 కోనసీమ_కెరటం
మీరేనా! గొంతు విని పోల్చుకోలేకపోయాను. ఈసారి వదలను, ఆ వేళ్ల లెక్క ఎలా పెట్టుకుంటారో పూర్తిగా చెప్పాలి.

#43 ఉత్తరాంధ్ర_యాగి
ఒక్క విన్నపం. ఇంత కష్టపడి కంప్యూటరుతో నేర్చుకున్నారు, చేత్తో పెట్టడం కూడా నేర్చుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి. హామ్‌లు సెట్లు పట్టుకుని వెళ్లారు. అలాంటి రోజున ల్యాప్‌టాప్ ఎక్కడ ఛార్జ్ చేస్తాం, కేబుల్ ఎక్కడ వెతుకుతాం? అప్పటికప్పుడు వేరే ఫ్రీక్వెన్సీకి, వేరే టోనుకు మారమంటే రెండు నిమిషాలలో మీటలతోనే మారగలగాలి. షిఫ్ట్ ఏ మెనూలో ఉంది, టోన్ ఏ మెనూలో ఉంది, ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి సెట్టు పక్కనే ఉంచండి. జిల్లా రిపీటర్లూ సింప్లెక్స్ ఛానెళ్లూ కూడా అదే కాగితం మీద.

#44 డెసిబెల్_దుర్గ
యాగి గారితో నూరు శాతం ఏకీభవిస్తున్నాను. ఈ చర్చలో నేను పూర్తిగా ఒప్పుకున్న మొదటి పోస్టు ఇది.

#45 వీహెచ్‌ఎఫ్_వెంకట్
నాకు ఒకటే బాధ. ఆ దుకాణంలో ఇదే మాట చెప్పి ఎంతమంది చేత బోర్డులు మార్పించారో. ప్రోగ్రామింగ్ రాకపోతే రాదని చెప్పాలి. కొత్త కుర్రవాళ్లు లైసెన్సు తెచ్చుకుని, మొదటి సెట్టుకే అంత డబ్బు పోసి, చేతులు కాల్చుకుని ఈ హాబీయే వదిలేస్తారు. ఎవరి సెట్టు అయినా బోర్డు పోయిందంటే ముందు ఇక్కడ అడగండి. కేబుల్ కనిపిస్తోందా, రేడియో చదువుతోందా, రాత చివరిదాకా వెళుతోందా, వెళ్లిన గడులు సరైనవేనా, ఎక్కడ ఆగిందో తెలిస్తే జవాబు ఇక్కడే దొరుకుతుంది.

#46 ఇమేజి_ఇస్మాయిల్
కెరటం గారూ, మన వైపు ఛానెళ్ల జాబితా పెడతారా? ఇమేజ్ వద్దు, సీఎస్‌వీ. డూప్లెక్స్ గడి నిండిందో లేదో చూసి మరీ పెట్టండి.

#47 కోనసీమ_కెరటం
రాత్రికి పెడతాను. యూహెచ్‌ఎఫ్ వరుసలు ఇంకా పరీక్షించలేదు, వాటి పక్కన ఆ మాట రాస్తాను. ఎవరైనా విని సరిచేయండి.

#48 టాక్సీ_సెట్టు
పెంటియం దించాను, దుమ్ము దులిపాను, డాస్‌తో లేచింది. జీఎం300 చదివింది కూడా. కానీ పీటీటీ నొక్కితే సుబ్బారావు గారు చెప్పినట్టే ఆగకుండా కూత పెడుతోంది. ట్యూనింగ్ కోసం వేరే అంశం తెరుస్తాను, అక్కడికి రండి.

#49 సోల్డర్_సుబ్బారావు
వస్తాను. మూత విప్పి లోపలి ఫోటో పెట్టండి, ఏ స్క్రూ తిప్పాలో అది చూసి చెబుతాను. అప్పటిదాకా ఏదీ తిప్పకండి.